రొయ్యల మేత కింద పోయిన పదకొండు లైన్లు

ప్రూఫులు దిద్దే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఏదైనా రాసిపెట్టమని అడిగారు. ఒత్తుల గురించీ దీర్ఘాల గురించీ మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను ఒక మనిషి గురించి చెబుతాను. ఆయన ఎన్నడూ పుట్టలేదు కాబట్టి నా మీద కేసు పెట్టలేడు. అయినా ఆయనకు నేను చేసిన అన్యాయం గుర్తొచ్చి, ఇప్పటికీ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఒక నమస్కారం ఎక్కువే పెడుతుంటాను.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాను. చిన్నప్పుడు ఆయాసం ఉండేది. మా నాన్నగారు బందరులో తెలుగు మాస్టారు. ఊళ్ళో పిల్లలందరికీ బళ్ళో చెప్పి, ఇంటికొచ్చి అదే పాఠం నాకు వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి చెప్పేవారు. బళ్ళో పిల్లలకి వేసవి సెలవులుండేవి, నాకు అవీ లేవు. అలా తెలుగైతే వచ్చింది గానీ చూపించడానికి ఒక్క సర్టిఫికెట్టూ లేదు. నలభై దాటాక, ఇంటి పనులు కాస్త తెరిపి ఇచ్చాక, మా ఊళ్ళోనే ఒక మాసపత్రికకి ప్రూఫులు చూసే మనిషి కావాలంటే వెళ్ళాను. ఎడిటరు గారు నాకంటే చిన్నవారు. పరీక్షకని కావాలని ఇరవై తప్పులు పెట్టిన పేజీ ఇచ్చారు. నేను ఇరవై ఆరు పట్టాను. ఆ ఆరూ ఆయన సొంతవి. అయినా మనసులో పెట్టుకోకుండా ఉద్యోగం ఇచ్చారు. ఆ మేడ మీది ఆఫీసు తప్ప నన్ను కాగితాలు అడక్కుండా లోపలికి రానిచ్చే చోటు ఈ జిల్లాలో మరొకటి ఉండేది కాదు. ఆయన చల్లగా ఉండాలి.

ఆ పత్రికకి ప్రాణం సీరియల్. ఘంటసాల దగ్గర పల్లెలో ఉండే ఒక రిటైరైన టీచరమ్మ గారు రాసేవారు. ప్రతి నెలా రూళ్ళ నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసి, పాత చీర ముక్కలో చుట్టి, తెలిసిన బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేవారు. నేను వెళ్ళి బస్టాండులో తీసుకునేదాన్ని. మూట విప్పగానే కళ్ళకద్దుకోవడం నా అలవాటు. అందులో ఉన్నది ప్రేమకథ అని తెలిసినా సరే, అక్షరం అక్షరమే.

బందరు రేవులో డచ్చి దొరల ఓడలు ఆగే రోజుల కథ అది. పెడనలో అద్దకం పని చేసే ఒక ముసలాయన కూతురు నాయిక. ఆమెను ఇద్దరు ప్రేమిస్తారు. ఒకడు గుర్రపు సర్దారు. కోరమీసం, కత్తి, తెల్ల గుర్రం. రెండోవాడు దుబాసీ, అంటే దొర మాట మనవాళ్ళకీ మనవాళ్ళ మాట దొరకీ చెప్పే ఉద్యోగి. సన్నగా ఉంటాడు, ఎండైనా వానైనా గొడుగు పట్టుకుని నడుస్తాడు, పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. రోజంతా ఇద్దరి మాటలు మోసి, తన మాట చెప్పాల్సి వచ్చేసరికి గొంతు పెగలదు. టీచరమ్మ గారి మనసులో నాయకుడు ఇతనే. ఆ సంగతి ఆవిడకి తెలుసు, నోటుబుక్కు చదివిన నాకు తెలుసు. పాఠకులకే తెలియదు. తెలియకపోవడానికి కారణం చెప్పాలంటే ముందు మా పని పద్ధతి చెప్పాలి.

పేజీలన్నీ కట్టేసి అచ్చుకి పంపే రోజు మధ్యాహ్నం తప్పకుండా ఒక రొయ్యల మేత ప్రకటన వచ్చేది. నెలంతా కదలని కంపెనీ వాళ్ళు ఆ రోజే భోజనం చేసి లేచి, క్రితం నెల కంటే పెద్దది వెయ్యమని ఫోను చేసేవాళ్ళు. ప్రకటన పెరిగితే సీరియల్ తగ్గాలి. ఎన్ని లైన్లు తగ్గాలో కంప్యూటరు మీద పేజీలు కట్టే డీటీపీ అమ్మాయి లెక్క చెబుతుంది, ఎక్కడ తగ్గించాలో నేను చూడాలి. రచయితకి ఫోను చేసి అడిగే ఆనవాయితీ లేదు. ఎడిటరు గారి కట్టడి మాత్రం ఉంది. నాయిక వర్ణన ముట్టుకోకూడదు, కత్తి యుద్ధం ముట్టుకోకూడదు. గుర్రం బొమ్మ పక్కనున్నదైతే అసలే ముట్టుకోకూడదు, బొమ్మ వేసినాయన అలుగుతారు. వీటికి తోడు దేవుడి ప్రస్తావన తియ్యకూడదని నేనొకటి పెట్టుకున్నాను. ఇవన్నీ పోగా ఎవరు మిగిలారు? దుబాసీ మిగిలాడు. అరవడు, దూకడు, ఎవర్నీ పొడవడు. అతని దగ్గర ఎక్కడ కోసినా అతుకు కనబడదు. ఒక నెల నాలుగు లైన్లు, ఒక నెల ఏడు. మంచివాడు కదా, సర్దుకుంటాడులే అనుకునేదాన్ని. మనం ఇళ్ళలో మంచివాళ్ళతో చేసేది కూడా అదే కదా.

కథ సగానికి వచ్చేసరికి పాఠకులు అతని మీద పగబట్టారు. ఉత్తరాలు తగ్గిపోయి వాట్సాప్ వాయిస్ మెసేజులు మొదలైన కాలం అది. ఆఫీసు ఫోనులో వాటిని విని జవాబులు టైపు చెయ్యడం కూడా నాకే అప్పగించారు. గుడివాడ నుంచి ఒక రిటైర్డు గుమాస్తా గారు ఆ గొడుగు మనిషిని తక్షణం బదిలీ చెయ్యాలని అర్జీ భాషలో చెప్పేవారు. మొవ్వ నుంచి ఒక గృహిణి, తమ ఇంట్లో నోరు విప్పని మనిషి ఒకరు ఉండనే ఉన్నారనీ, చందా కట్టి మరొకర్ని ఎందుకు భరించాలనీ అడిగారు. అందరికంటే గట్టిది దివిసీమ నుంచి వచ్చేది. ఆవిడది ఎండుచేపల వ్యాపారం. చదువు రాదు, కోడలు చదివి వినిపిస్తుంది. మెసేజులో ఆవిడ గొంతు వెనక ఎప్పుడూ కోళ్ళ అరుపులుండేవి.

“అమ్మా, ఆ దుబాసీ గాణ్ణి తీసుకెళ్ళి ఏటి పాయలో తోసెయ్యండి. మేం వల కూడా వెయ్యం.”

నేను ఒక్కొక్కరికీ ఓపిగ్గా జవాబు పెట్టేదాన్ని. అతను మాట్లాడని చోట ఏముందో చూడమనేదాన్ని. ఆఫీసులోనూ ఇదే పోరు. డీటీపీ అమ్మాయి సర్దారు పక్షం. ఆ గుర్రం బొమ్మే కంప్యూటరు తెర నిండా పెట్టుకుంది. ఎడిటరు గారు ఎటు ఎక్కువమంది ఉంటే అటు. దుబాసీ తరఫున నేనొక్కదాన్నే. అన్నిసార్లు వాదించి ఓడిపోయినా నాకు కోపం వచ్చేది కాదు, జాలి వేసేది. ఇంత స్పష్టంగా అచ్చులో ఉన్నదాన్ని వీళ్ళు చదవలేకపోతున్నారే అని.

ఎనిమిదో భాగంతో నిప్పు అంటుకుంది. అందులో ముసలాయన కూతుర్ని వెంటబెట్టుకుని తెచ్చిన అద్దకం బట్టల్ని దొర గిడ్డంగి ముందు చూసి, రంగు నిలవదని తిప్పికొడతాడు. దుబాసీ ఆ మాట తెలుగులో చెప్పి, గొడుగు తీసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతాడు. ఆ వారం మా ఫోను ఛార్జింగు నిలవలేదు. ఒకరోజు మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని కూర్చున్నప్పుడు డీటీపీ అమ్మాయి మళ్ళీ ఎత్తుకుంది. వాడికి గుండె లేదంది. నాకూ ఓపిక నశించింది.

“ఆ మనిషి చేసిందానికి నువ్వు దణ్ణం పెట్టాలి,” అన్నాను. “ముసలాయన్ని స్తంభానికి కట్టి కొట్టమని దొర చెబితే, ఆ మాట తెలుగులోకి రానిచ్చాడా? మంచినీళ్ళిచ్చి పంపమన్నారని బంట్రోతులకి చెప్పాడు. ముసలాయన క్షమించమంటున్నాడని దొరకి తనే కల్పించి చెప్పాడు. బయటపడితే అతని వీపు చిట్లేది.”

ఆ అమ్మాయి ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపింది. “ఇదంతా ఎప్పుడు చేశాడు పిన్నిగారూ?”

“ఎనిమిదో భాగంలో.”

“పేజీ కట్టింది నేనేగా. కొట్టమనడం, నీళ్ళివ్వడం అందులో ఎక్కడున్నాయి?”

ఎంగిలి చేత్తోనే సంచిక తెరిచాం. దుబాసీ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ వాక్యం కిందే రొయ్య ఉంది. అరపేజీ రొయ్య. మీసాలు సర్దారు మీసాలకి రెండింతలున్నాయి. లేచి చెయ్యి కడుక్కుని నోటుబుక్కు తీశాను. పదకొండు లైన్ల మీద అడ్డంగా పెన్సిలు గీత, పక్కన నా పొట్టి సంతకం.

పిల్లలూ, ఇది మన వృత్తికి పట్టే జబ్బు. రాతప్రతిలో చదువుతాం, మొదటి ప్రూఫులో చదువుతాం, రెండో ప్రూఫులో చదువుతాం. అప్పటికి అది మన తలలో అచ్చయిపోతుంది. తరవాత మన చేత్తో మనమే తీసేసినా తలలోంచి పోదు. ఇన్ని నెలలూ నేను పాఠకులకి చదవడం రాదన్నాను. వాళ్ళు ఉన్నదంతా సరిగ్గానే చదివారు. లేనిదాన్ని చదివింది నేనొక్కదాన్నే. ఇంకో సంగతి ఇప్పటికీ నన్ను పొడుస్తుంది. దుబాసీ కూడా మాటలు తీసేశాడు. అతను తీసేసి ఒక మనిషిని కాపాడాడు. నేను తీసేసి అతన్ని ముంచాను.

ముందు చిలకలపూడి వెళ్ళి పాండురంగడికి చెప్పుకున్నాను. ఆయన విన్నాడు, ఏమీ అనలేదు. ఎడిటరు గారికి చెప్పడమే కష్టమైంది. ఈలోగా ఆయన ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఏటా గుడివాడలో మా పత్రిక పాఠకుల సభ జరిగేది. ఆ సభలో, రాబోయే భాగంలో బందరు మీదికి ఉప్పెన వస్తుందనీ, దుబాసీ అందులో కొట్టుకుపోతాడనీ, సర్దారుతో నాయిక పెళ్ళనీ ప్రకటిస్తారట. నా ఎదురుగానే టీచరమ్మ గారికి ఫోను చేసి స్పీకరు పెట్టారు. ఈ మాటలే ఆవిడకీ చెప్పారు.

“మీ పత్రిక, మీ ఇష్టం బాబూ,” అన్నారావిడ. కోపం కూడా లేదు ఆ గొంతులో. “ఆ పెళ్ళి కూడా మీరే రాసుకోండి. నాకు చెయ్యి రాదు.”

అంటే ఆ చీరముక్క మూట మళ్ళీ బస్సు దిగదన్నమాట. తప్పు నాది, ప్రాణం దుబాసీది, కలం ఆవిడది.

మూడుసార్లు ఎడిటరు గారి గదికి వెళ్ళాను. మొదటిసారి ఆయన రొయ్యల మేత వాళ్ళతో ఫోనులో ఉన్నారు. రెండోసారి గుమ్మం దాకా వెళ్ళి, కాఫీ తెప్పించమంటారా అని అడిగి వచ్చేశాను. మూడోసారి నోరు తెరిచేలోగా ఆయనే లేచి నిలబడ్డారు. ఇన్నేళ్ళుగా ఒక్క తప్పూ లేకుండా పని చేసినందుకు గుడివాడ సభలో నాకు శాలువా కప్పి సన్మానపత్రం ఇస్తారట. పత్రం మ్యాటరు నన్నే దిద్దమని చేతికిచ్చారు. దిద్దాను. ఒక్క తప్పూ లేదు.

సభ రోజు బందరు నుంచి రైల్లో వెళ్ళాం. అందరికీ పంచడానికి తొక్కుడు లడ్డూ డబ్బా నా ఒళ్ళో ఉంది, దాని మీద నా సంచి, సంచిలో నోటుబుక్కు. పెడన దాటుతుంటే దుబాసీ ఎక్కి నా ఎదురు సీట్లో కూర్చున్నట్టే అనిపించింది. గుడివాడలో కల్యాణమండపం మేడ మీద హాలు. టీచరమ్మ గారు అప్పటికే వేదిక మీద ఉన్నారు. నేను ఆవిడని చూడ్డం అదే మొదటిసారి. సన్నగా ఉన్నారు. గంజి పెట్టిన నేత చీర. ఒళ్ళో అడ్డంగా గొడుగు. బయట చుక్క వాన లేదు.

ఎడిటరు గారు ఉప్పెన ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. గుడివాడ గుమాస్తా గారైతే లేచి నిలబడి కొట్టారు. టీచరమ్మ గారు గొడుగు పిడి కేసి చూసుకుంటున్నారు. ఆ చప్పట్లలోనే నన్ను పిలిచి శాలువా కప్పి, పత్రం చదివి, రెండు మాటలు మాట్లాడమన్నారు. నేను జన్మలో మైకు ముందు నిలబడలేదు. మా నాన్నగారు పద్యం అప్పజెప్పమంటే ఎలా నిలబడేదాన్నో అలాగే చేతులు కట్టుకుని నిలబడ్డాను.

“ఈ శాలువా నాకు తగదండీ,” అన్నాను. “మీకు దుబాసీ మీద కోపం వచ్చేలా చేసింది నేను.”

అని, ఇంకేమీ వివరించకుండా సంచిలోంచి నోటుబుక్కు తీసి చదివేశాను.

“కొట్టండి అన్నాడు దొర. ఆ మాట దుబాసీ చెవిలోకి వెళ్ళింది, నోట్లోంచి రాలేదు. బంట్రోతుల వైపు తిరిగి, ముసలాయనకి మంచినీళ్ళిచ్చి పంపమంటున్నారు అన్నాడు. దొర వైపు తిరిగి, క్షమించమంటున్నాడు అన్నాడు. ఇద్దరూ నమ్మారు. ఆ పిల్ల మాత్రం అతని వంకే చూస్తోంది. తల తిప్పితే చెప్పని మాట తన ముఖంలో కనబడిపోతుందని, అతను వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.”

మూడో వరసలో ఒకావిడ లేచారు. గొంతు వినగానే గుర్తుపట్టాను. వెనక కోళ్ళు లేవు, అంతే తేడా.

“ఇన్నాళ్ళూ ఇది ఎక్కడుందమ్మా?”

“రొయ్యల మేత ప్రకటన కిందండీ.”

“ఏ మేత?”

చెప్పాను. ఆ పేరు ఇక్కడ రాయను.

“అదా. మా మరిది చెరువుకి అదే వేశాడు. రొయ్యా ఎదగలేదు, ఈ దుబాసీనీ ఎదగనివ్వలేదు.”

హాలంతా నవ్వు. ఆ నవ్వులో నాకు కాస్త ఊపిరాడింది. గుమాస్తా గారు మాత్రం తగ్గలేదు. పదకొండు లైన్లకి మనిషి స్వభావం మారిపోదనీ, తరవాతైనా ఆ పిల్లకి చెప్పి ఉండాల్సిందనీ వాదించారు. చెప్పేవాడైతే కథ ఎనిమిదో భాగంలోనే అయిపోయేదని మొవ్వ ఆవిడ అడ్డుకున్నారు. ఆవిడ పక్కనే వాళ్ళాయన కూర్చుని ఉన్నారు. ఏమీ అనలేదు. ఆవిడ ఆయన కేసి ఒకసారి చూసి, సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి ఇచ్చారు. నేను దుబాసీ తరఫున నెలల పాటు వాదించి సాధించలేనిది ఆ సీసాలో కనబడింది.

కానీ ఎడిటరు గారు ప్రకటించింది ప్రకటించేశారు. అభిమానుల కోరిక మన్నించి ఉప్పెన తప్పదని మైకులో మళ్ళీ అన్నారు. దివిసీమ ఆవిడ కూర్చోబోతూ ఆగారు.

“పాయలో తోసెయ్యమన్నది నేనే. అది నోటి మాటండి. ఉప్పెనెందుకు?” అన్నారు. ఈసారి గొంతు పెంచలేదు. “ఉప్పెనొస్తే వాడొక్కణ్ణే ఎంచుకుని తీసుకుపోదు బాబూ. ఆ పిల్లా పోద్ది, గుర్రమూ పోద్ది, కథ చెప్పేవాళ్ళు కూడా మిగలరు. మీకు తెలవకపోతే మమ్మల్ని అడగండి.”

హాల్లో తల నెరిసిన వాళ్ళంతా కిందికి చూశారు. డెబ్బై ఏడులో ఊళ్ళకి ఊళ్ళే ఉప్పెనలో పోయిన దివిసీమ మనిషి, దాని గురించి మాట చెబితే ఈ ప్రాంతంలో ఎవరూ ఎదురు చెప్పరు. ఎడిటరు గారు చేతిలోని కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. కాసేపటికి, తుఫాను హెచ్చరిక ఉపసంహరించుకున్నామని ప్రకటించారు. దానికి వచ్చిన చప్పట్లు మొదటివాటి కంటే చిన్నవి గానీ ఎక్కువసేపు ఉన్నాయి. గుమాస్తా గారు కొట్టలేదు, అది కూడా చెప్పాలి.

శాలువా తిరిగి ఇవ్వబోతే ఎడిటరు గారు తీసుకోలేదు.

“కప్పింది కప్పిందే అక్కయ్యగారూ. ఆ పత్రంలో ఒక్క తప్పూ లేకుండా అన్నచోట మాత్రం దిద్దండి.”

అక్కడే ఎర్ర పెన్ను తీసి, పదకొండు లైన్లు తప్ప అని చేర్చాను. ఆ పత్రం మా ఇంట్లో దేవుడి పటాల పక్కనే ఉంది. నన్ను ఉద్యోగంలోంచి తియ్యకుండా దిద్దమన్నందుకు ఆయనకి రోజూ ఆయురారోగ్యాలు కోరుకుంటాను.

లడ్డూలు పంచుతూ టీచరమ్మ గారి దగ్గరికి వెళ్ళి, డబ్బా పక్కన పెట్టాను. క్షమించమన్నాను.

“ప్రతి నెలా చూస్తూనే ఉన్నానమ్మాయ్,” అన్నారు.

“మరి ఒక్కసారైనా అడగలేదేమండీ?”

“నువ్వు తీశావంటే అక్కర్లేదేమో అనుకున్నాను. అడిగితే నొచ్చుకుంటావేమో అని కూడా.” ఇంకేదో చెప్పబోయి ఆగారు. బస్సు టైమైందన్నారు. గొడుగు తీసుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. అప్పటికి ఆ నడక నాకు చదవడం వచ్చింది. పైనుంచే దణ్ణం పెట్టుకున్నాను.

తరవాతి సంచికలో ఆ పదకొండు లైన్లూ గడి కట్టి అచ్చు వేశాం. చీరముక్క మూట మళ్ళీ బస్సు దిగింది. ఎడిటరు గారి పాత కట్టడి పోయి కొత్తది వచ్చింది. రచయితకి ఫోను చేసి అడక్కుండా లైను కాదు కదా, కామా కూడా తియ్యకూడదు. మీకు నేను చెప్పగలిగిన సలహా కూడా అదొక్కటే. ఎవరి మాట తీసేస్తున్నారో వాళ్ళని ఒకసారి అడగండి. వాళ్ళు మొహమాటస్తులైతే రెండుసార్లు అడగండి.

ఆ నెల కూడా అచ్చు రోజు మధ్యాహ్నం రొయ్య వచ్చింది. ఇంకా పెరిగింది. పంతొమ్మిది లైన్లు తగ్గాలన్నారు. టీచరమ్మ గారికి ఫోను చేశాను. ఏవి తియ్యమంటారని అడిగాను.

“సర్దారు గుర్రం వర్ణన ఎంత ఉందమ్మాయ్?”

లెక్కపెట్టాను. “సరిగ్గా పంతొమ్మిదేనండీ.”

“దేవుడున్నాడు,” అన్నారావిడ. ఆ మాట మీద మా ఇద్దరికీ భేదాభిప్రాయం లేదు.

ఆ నెల గుర్రం పోయింది. పై నెల మిగిలిన తోకా డెక్కలూ పోయాయి. బొమ్మ వేసినాయన రెండు నెలలు అలిగారు. ఆ తరవాత ఒక ఉదయం ఆఫీసు ఫోను తెరిస్తే దివిసీమ మెసేజు ఉంది. ముందు కోళ్ళు, తరవాత ఆవిడ.

“అమ్మా, మీ దుబాసీ బాగున్నాడు, ఇంక వాణ్ణేమీ అనం. ఆ సర్దారు ఏంటి, ఈమధ్య ఎక్కడికైనా నడిచే వస్తున్నాడు? గుర్రం చచ్చిపోయిందా, మీరేమన్నా చేశారా?”